తొమ్మిది దిష్‌దాషాలు

మా బ్యాండు పేరు అకామా.
పెంచలయ్య పెట్టినాడు,
రెన్యువల్ అయితేనే ఉంటాం గదా అని.
నవ్వినాం గానీ
అంతకన్నా మంచి పేరు ఎవరికీ తట్టలే.

గురువారం రాత్రి పది.
మహబూలాలో ఆరో అంతస్తు, లిఫ్టు చచ్చిపోయింది.
మెట్ల మలుపు మలుపుకూ సింబలు గోడకు తగిలి
మా కచేరీ మాకంటే ముందే పైకి చేరింది.
నంద్యాలాయన కొడుకు పుట్టినరోజు.
రెండో పాట నడుమ ఈజిప్టు హారీసు వచ్చి
చెవులు రెండూ మూసుకొని గడపలో నిలబడినాడు.
ఒక్క మాట అనలే.
కేకు తిని దిగి వచ్చినాం, సగం పాటకు సగం డబ్బు.

శుక్రవారం నాకు ఎనిమిది డెలివరీలు.
బండి లాండ్రీది, బ్యాండుది కాదు.
వెనక ఒక పక్క ఇస్త్రీ వాసన, ఇంకో పక్క యాంప్లిఫయరు,
మధ్యలో అన్నీ ఒకే నీలం సంచులు.
ఈ 'ఒకే నీలం' అన్నది కాస్త గుర్తుపెట్టుకోండి.

పదిన్నరకు ఎలీసమ్మ ఎక్కింది.
వారమంతా ఎవరి పిల్లలనో నిద్రపుచ్చే గొంతు,
ఈ ఒక్కరోజు జనాన్ని లేపుతుంది.
తొమ్మిదికల్లా గేటు లోపలుండాలని మేడం మాట.
మైకు కుడిచేత్తో పట్టుకుంటుంది,
ఎడమచేతి వాచీ మాకు కనబడేటట్టు.

అబ్బాసియా గ్రౌండులో రాయచోటికీ భీమవరానికీ ఫైనలు.
ఇన్నింగ్సుల మధ్య పావుగంట మాది, మైకుసెట్టు వాళ్ళది.
పల్లవి అందుకున్నామో లేదో
ఆకాశం పసుప్పచ్చగా మారి దుమ్ము లేచింది.
స్టంపులు పోయినాయి, అంపైరు పోయినాడు,
స్కోరుబోర్డు ఎగిరి ఉల్లిగడ్డల బండి మీద వాలింది.
మహబూబ్ పీరు కళ్ళు మూసుకొని
బేసు వాయిస్తూనే ఉన్నాడు, ఆపమన్నది వినపడక.
తర్వాత నోట్లో ఇసుక ఉమ్మి అడిగినాడు:
"బాగొచ్చిందా?"

ఆ దుమ్ములోనే సల్వాలో ఆఖరి సంచి ఇచ్చి
వఫ్రా దారి పట్టినాం.
ఎడారిలో గుడారాలు, ఏదో కంపెనీ పిక్నిక్కు,
రెండొందల మంది, జనరేటరు, రంగుల లైట్లు,
మాకు మొదటిసారి చెక్కతో కట్టిన స్టేజి.
వైర్ల సంచి విప్పితే
మడత నలగని తెల్ల దిష్‌దాషాలు.
పెంచలయ్య ఒక్కొక్కటే లెక్కపెట్టినాడు,
లెక్కపెడితే వైర్లవుతాయేమోనని.
తొమ్మిది.

ఎలీసమ్మ వాచీ చూసుకొని అన్నది:
"ఆ జనరేటరు ఆపమను."
ఆపినారు. చీకటి, చలి.
పెంచలయ్య కట్టెలు పక్కన పెట్టి అరచేతులతో కొట్టినాడు.
నా గిటారు నా వేళ్ళకు మాత్రమే వినపడింది.
ఆమె పాడింది.
జనం కుర్చీలు ఈడ్చుకుంటూ ముందుకొచ్చినారు,
ఒకరి దగ్గు ఇంకొకరికి అడ్డమయ్యేంత దగ్గరికి.
ఎంతసేపో తెలీదు.
వాచీ చూడటం ఆమె మర్చిపోయింది, మేమూ మర్చిపోయినాం.

తిరుగుదారిలో ఇసుకలో టైరు దిగబడింది.
పీరు దిష్‌దాషాల వైపు చూసినాడు.
"ముట్టుకుంటే నీ చెయ్యి విరుగుతుంది" అన్నాను.
డ్రమ్ముల కింది తివాచీ వేసి తోసినాం,
అది అక్కడే ఉండిపోయింది.

గేటు దగ్గరికి తొమ్మిదీ ఇరవై.
మేడం బయటే ఉంది.
ఆ ఇరవై నిమిషాలకు ఏమన్నదో
ఎలీసమ్మ ఇంతవరకూ చెప్పలే.

శనివారం పొద్దున్నే సంచి మార్చుకోను పోయినా.
ఇంటి ముసలాయన వైర్లు తెచ్చి ఇచ్చినాడు,
ఒక్కొక్కటీ చుట్టచుట్టి, రబ్బరు వేసి.
రెండేళ్ళుగా మా చేత చిక్కు తీయించుకోనివి.
"షినూ హాదా?" అన్నాడు.
"మ్యూజిక్" అన్నాను.
లాండ్రీ బండిని చూసినాడు, నన్ను చూసినాడు,
బిల్లులో అర దినారు తగ్గించమన్నాడు.

మధ్యాహ్నం గ్రూపులో ఎలీసమ్మ వాయిస్ మెసేజి.
మాటల్లేవు.
ఎవరిదో పిల్ల ఏడుపు,
దాని మీదుగా నిన్నటి పాట,
గొంతు తగ్గించి, సగం అరబ్బీలో.
పెంచలయ్య తొడమీద తాళం వేస్తూ విన్నాడు.
"స్పీడు తగ్గింది" అన్నాడు.
మళ్ళీ మొదట్నించి పెట్టినాడు.